వేగానికి హద్దు గీసిన క్రీడ

రోడ్ రేసింగ్ అన్న మాట వినగానే అర్ధరాత్రి వేళ జాతీయ రహదారిపై ప్రాణాలకు తెగించి కార్లు తోలే యువకులు మన కళ్ళ ముందు మెదులుతారు. అమెరికాలో ఈ మాటకు అర్థం దీనికి పూర్తిగా విరుద్ధం. గుండ్రని ఓవల్ ట్రాక్‌పై గాని, తిన్నని డ్రాగ్ స్ట్రిప్‌పై గాని కాక, కుడి ఎడమల మలుపులతో, ఎత్తుపల్లాలతో రహదారిని పోలి ఉండేలా నిర్మించి కంచె కట్టిన ట్రాక్‌పై జరిగే పోటీకే అక్కడ ఆ పేరు. వారమంతా ఉద్యోగాలు చేసుకునే సామాన్యులు సెలవు దినాల్లో పాత ఫోర్డ్ మస్టాంగ్‌లనో, షెవర్లే కెమారోలనో తీసుకుని ఇందులో పాల్గొంటారు. ఇది జూదం కాదు. గెలిచినవారికి చాలావరకు దక్కేది ఒక జ్ఞాపిక మాత్రమే. మన కుటుంబాల పిల్లలు అనేకులు చదువులకూ ఉద్యోగాలకూ ఆ దేశం వెళుతున్నారు. అందుచేత ఈ క్రీడలోకి ఒక కొత్తవాడు ఎలా ప్రవేశిస్తాడో తెలుసుకోవడం నిష్ప్రయోజనం కాదు.

హద్దు ఎలా వచ్చింది?

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944లో ఏర్పడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్‌కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరిలో 1948లో వీధుల మీదుగానే పోటీ జరిగింది. జనం దారి పక్కన నిలబడి చూసేవారు. 1952లో ఒక కారు ప్రేక్షకులకు తగిలి ఏడేళ్ళ బాలుడు మరణించాడు, పలువురు గాయపడ్డారు. ఆ తర్వాత పోటీ ఊరి వీధులను విడిచిపెట్టింది. 1956 నాటికి అక్కడ ప్రత్యేకమైన ట్రాక్ సిద్ధమయింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ లేక్ వద్ద కూడా వీధి పోటీలు ఆగిపోయి, 1955లో రోడ్ అమెరికా అనే ట్రాక్ వెలిసింది. దాని పొడవు సుమారు ఆరున్నర కిలోమీటర్లు, మలుపులు 14. వేగం కంచె లోపలే ఉండాలన్న నియమం వెనుక పసిప్రాణం వెల ఉందన్నమాట.

పక్కన కూర్చునే గురువు

పాఠం చెప్పడమే వృత్తిగా గల మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించినది ఈ క్రీడలోని శిక్షణ పద్ధతి. పైన చెప్పిన క్లబ్బు, 1991లో స్థాపితమైన నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ వంటి సంస్థలు కొత్తవారి కోసం శిక్షణ దినాలు నిర్వహిస్తాయి. అవి పోటీలు కావు; ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రసక్తే ఉండదు. రెండవ సంస్థ శిక్షణలో నాలుగు దశలున్నాయి. మొదటి దశలో, ఉస్తాద్ పక్కన కూర్చుని చదివించినట్లే, అనుభవజ్ఞుడైన శిక్షకుడు పక్క సీట్లో కూర్చుంటాడు. చూపు ఎంత దూరం నిలపాలి, ఎక్కడ బ్రేకు వేయాలి, మలుపులోకి ఎలా దిగాలి అన్నది అక్కడికక్కడే సరిదిద్దుతాడు. ముందున్నవాడు చేతితో సైగ చేసి దారి ఇస్తేనే, అదీ నిర్ణయించిన భాగాల్లోనే, వెనుకవాడు దాటాలి.

జెండాల భాష కూడా కంఠస్థం కావాలి. పసుపు జెండా ఊగితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటరాదు. నల్లజెండా చూపితే ట్రాక్ విడిచి లోపలికి రావాలి. ఎర్రజెండా అంటే జాగ్రత్తగా ఆగిపోవాలి. సాధారణంగా ఈ దశలు గడిచాక రేసింగ్ స్కూలు, వైద్య పరీక్ష, కొత్తవారికిచ్చే అనుమతి వస్తాయి.

పాత కారే ఎందుకు?

1979 నుండి 1993 వరకు తయారైన మస్టాంగ్‌లు, 1982 నుండి 2002 వరకు వచ్చిన కెమారోలు కొత్తవారికి అనువైనవి. వాటి ఇంజను నిర్మాణం సరళం. విడిభాగాలు సులభంగా లభిస్తాయి. చేతిపని తెలిసినవాడు ఇంటి వద్దనే మరమ్మతు చేసుకోగలడు. కెమారో మస్టాంగ్ ఛాలెంజ్ అనే తరగతి ఇటువంటి కార్ల కోసమే ఏర్పడింది. అయితే కారు కొనకముందే తాను చేరదలచిన తరగతి నియమావళిని చదవాలి. ముందు కారుకు మార్పులు చేసి, తర్వాత నియమాలు వెతికేవాడు రెండుసార్లు ఖర్చు చేస్తాడు. ఒకరు అప్పటికే రక్షణ పంజరం బిగించి పోటీకి సిద్ధం చేసిన కారును కొనడం, కొత్తగా నిర్మించడం కంటే చాలావరకు చవక.

ముందు ఆగడం నేర్వాలి

కొత్తవాడికి సహజంగా కలిగే కోరిక ఇంజను బలం పెంచాలని. పాత అమెరికన్ కారు విషయంలో అది తలకిందులు ఆలోచన. వేగం గంటకు 80 నుండి 160 కిలోమీటర్లకు పెరిగితే కారులోని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 1500 కిలోల కారు 160 కిలోమీటర్ల వేగం నుండి ఒక్కసారి ఆగితే వెలువడే వేడి, మన వంటింట్లో నాలుగు లీటర్లకు పైగా చన్నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. ట్రాక్‌పై ప్రతి చుట్టులోనూ బ్రేకులు పదేపదే ఇటువంటి వేడిని భరించాలి. నాటి మస్టాంగ్‌లలో అనేకానికి వెనుక చక్రాలకు పాతరకం డ్రమ్ బ్రేకులే ఉన్నాయి.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదు. తేమ చేరాక ఆ పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. ద్రవం మరిగితే ఆవిరి ఏర్పడి, పెడల్ నేలకు తగులుతుంది గాని కారు ఆగదు. కనుక మొదటి ఖర్చు కొత్త ద్రవం, వేడికి తట్టుకునే ప్యాడ్లు, మంచి గొట్టాలు, రెండవది రేడియేటర్, మూడవది టైర్లు. ఇంజను బలం అన్నిటికంటే చివర.

శరీర రక్షణలో బేరం పనికిరాదు. హెల్మెట్‌పై స్నెల్ సంస్థవారి ఎస్.ఏ. ముద్ర ఉండాలి; మోటారు సైకిల్ హెల్మెట్లకు నిప్పును తట్టుకునే ఆ పరీక్ష ఉండదు. ఢీకొన్నప్పుడు తల ముందుకు విసిరివేయబడకుండా ఆపే హాన్స్ పరికరాన్ని ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయనకు వివాహ బంధువైన రేసరు జిమ్ డౌనింగ్ రూపొందించారు. 2001లో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ అంతటి నిపుణుడు మరణించాకనే దాని విలువ లోకానికి పూర్తిగా తెలిసింది.

ఇంటి లెక్క

వీధి ప్రయాణాలకు తీసుకున్న బీమా సాధారణంగా ట్రాక్‌పై జరిగే నష్టానికి వర్తించదు. కాబట్టి పూర్తిగా పోయినా ఇల్లు గడవడానికి అడ్డురాని కారునే ట్రాక్‌కు తీసుకుపోవాలి. సోమవారం ఉద్యోగానికి వెళ్ళవలసిన కారును ఆదివారం పోటీలో పెట్టడం వివేకం కాదు. కారు వెలతోపాటు టైర్లు, బ్రేకులు, ప్రవేశ రుసుము, దానిని మోసుకెళ్ళే ట్రైలర్ ఖర్చులను ముందుగానే ఇంటివారితో కూర్చుని లెక్క కట్టాలి.

వయసు మించిపోయిందన్న చింత అక్కరలేదు. నటుడు పాల్ న్యూమన్ నలభై దాటాకనే రేసింగ్ మొదలుపెట్టి, 1976లో క్లబ్బు జాతీయ విజేత అయ్యాడు. 1995లో, 70 ఏళ్ళ వయసులో, మస్టాంగ్ నడిపిన జట్టు సభ్యుడిగా డేటోనా 24 గంటల పోటీలో తన తరగతిలో గెలిచాడు.

వేగంపై మోజుగల కుమారుణ్ణి కేవలం మందలించి ఊరుకుంటే ఆ మోజు నశించదు. నిర్మానుష్యమైన రహదారిని వెతుక్కుంటుంది. అతనికి కంచె ఉన్న చోటును, పక్కన కూర్చునే శిక్షకుణ్ణి చూపడం మేలు. అంత స్తోమత లేకుంటే మలుపు వద్ద జెండా పట్టే స్వచ్ఛంద సేవకుడిగా చేరవచ్చు. ఎందరు ఎక్కడ తప్పుతున్నారో, ఎలా నిలదొక్కుకుంటున్నారో అక్కడ నిలబడినవాడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మొదటి పాఠానికి అంతకన్న మంచి చోటు లేదని మా అభిప్రాయం.