వారి మాట వారి నుంచే విందాం

గద్వాల, వనపర్తి ప్రాంతాల వారు బిడ్డను పరీక్ష కోసం సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌కు తీసుకువెళ్ళాలంటే కర్నూలు నుంచి వచ్చే రైలైనా ఉంది. నాగర్‌కర్నూలు పట్టణానికి ఆ సౌకర్యమూ లేదు, బస్సే గతి. "వాళ్ళ అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని దాదీ చెప్పే ధైర్యంతో ఒకటి రెండేళ్ళు గడిచిపోతాయి. చివరికి రోజు కూలి వదులుకొని బయలుదేరిన తల్లిదండ్రుల మనసులో ఉండేది ఒకే ప్రశ్న: "మా బిడ్డకు ఇది నయమవుతుందా?"

ఆ ప్రశ్న ప్రేమ నుంచి పుట్టినదే. అయితే ఆటిజంతో పుట్టి పెరిగి పెద్దవారైన వారు నేడు అనేక దేశాలలో మరో ప్రశ్న వేస్తున్నారు: "మమ్మల్ని మార్చడం గురించి ఇందరు ఆలోచిస్తున్నారు. మాకేం కావాలో మమ్మల్ని అడిగినవారెవరు?"

శాస్త్రం చేసిన మేలు

1943లో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజాన్ని వివరించిన తరువాత కొన్ని దశాబ్దాల పాటు నింద తల్లి మీదే పడింది. ఆమె ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్నారు. ఆ నిందను తొలగించినది శాస్త్ర పరిశోధనే. 1977లో కవలలపై వెలువడిన అధ్యయనం దీనికి మూలం జన్యువులలో ఉందని సూచించింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది.

మన దేశంలో ఆటిజాన్ని కొలిచే 'ఐసా' ప్రమాణం రూపొందినది కూడా మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలోనే. ఇందులో 40 అంశాలుంటాయి. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉందన్న ధ్రువపత్రం చేతికి వస్తేనే రిజర్వేషన్, పింఛను వంటివి దక్కుతాయి. కాబట్టి పేద కుటుంబానికి ఆ పరీక్ష తప్పనిసరి అవసరం.

వారి అభ్యంతరం

చిక్కు ఎక్కడుందంటే, ఆ 40 అంశాలు బిడ్డ కళ్ళలోకి చూడడు, నవ్వడు, కలవడు అంటూ లోపాలనే లెక్కిస్తాయి. బిడ్డకు ఏది భరించరానిదో, ఏది హాయినిస్తుందో ఆ మార్కులు చెప్పవు. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక వ్యాసం రాశారు. మీరు ఊహించుకున్న బిడ్డ కోసం దుఃఖిస్తున్నారు గానీ, మీ ఎదుట సజీవంగా ఉన్న బిడ్డ ఆ దుఃఖానికి కారణం కాడన్నది దాని సారాంశం.

2021 ఆగస్టులో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు పదివేల మంది ఆటిజం వ్యక్తుల జన్యు నమూనాలు సేకరించే పథకాన్ని ప్రకటించారు. ఆటిజాన్ని నిర్మూలించడం తమ ఉద్దేశం కాదన్నారు. అయినా ఈ సమాచారం రేపు గర్భంలోనే ఇలాంటి శిశువులను ఏరివేయడానికి దారితీస్తుందేమోనని ఆటిజం వ్యక్తులే నిరసన తెలిపారు. కొద్ది వారాల్లోనే ఆ పథకాన్ని నిలిపి, సంప్రదింపులు మొదలుపెట్టవలసి వచ్చింది.

మాటలు రాని బిడ్డ సంగతి?

దీనికి ఎదురు వాదనా ఉంది. వ్యాసాలు రాయగలవారు అందరి తరఫునా మాట్లాడగలరా? ఒక్క మాటా రాని, రాత్రిళ్ళు నిద్రపోని, తలను గోడకు కొట్టుకునే బిడ్డను కాపాడుకుంటున్న తల్లి పరిశోధన ఆగాలని ఎలా కోరుకుంటుంది? ఆమె బాధ నిజమైనది. మాటలు రానివారి చేయి పట్టుకొని టైపు చేయించే పద్ధతిని 1990లలో పరీక్షించగా, ఆ రాతలు పట్టుకున్నవారివేనని తేలింది. బిడ్డ పేరిట మరొకరు మాట్లాడుతున్న ఆ పొరపాటును పట్టుకున్నది కూడా శాస్త్రమే.

అయితే మాటలు లేనంత మాత్రాన అభిప్రాయం లేనట్టు కాదు. పెళ్ళి బాజాకు చెవులు మూసుకోవడం ఒక మాట. ఈద్గా రద్దీలో నేల మీద కూర్చుండిపోవడం ఒక మాట. బొమ్మల కార్డు మీద వేలు పెట్టడం మరో మాట. పెంకితనమని కొట్టడానికి ముందు ఆ మాటను చదవాలి.

మనం చేయదగినది

'పూర్తిగా నయం చేస్తాం' అనే ప్రకటనలకు పొలమో నగలో అమ్మకండి. ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. జిల్లా ఆసుపత్రిలో, మండలంలోని భవిత కేంద్రంలో వివరాలు తెలుసుకోండి. ఏ శిక్షణలో చేర్చినా ఒక ప్రశ్న అడగండి: ఇది బిడ్డ తన అవసరం తెలుపుకోవడానికా, లేక చూసేవారికి అందరిలా కనిపించడానికా?

ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్న దైవప్రవక్త (స) దగ్గరకు అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) స్వయంగా వచ్చి తన ప్రశ్న వినిపించిన సంఘటన మనకు తెలుసు. ఆయన పట్ల చూపవలసిన శ్రద్ధను గుర్తుచేస్తూ 'అబస' సూరా అవతరించింది. తరువాత ఆయన మదీనాలో ముఅజ్జిన్ అయ్యారు. ప్రవక్త (స) ప్రయాణాలలో ఉన్నప్పుడు నగర బాధ్యతనూ వహించారు. ఆయనకు చూపు రాలేదు. కానీ ఆయన మాటకు విలువ దక్కింది, ఆయనకు ఒక స్థానం దక్కింది. పరిశోధన సాగాలి, మన ఇంట్లోని బిడ్డకు కూడా ఆ రెండూ దక్కాలి.