తొమ్మిది మంది పిల్లలు, ఒకే డైనింగ్ టేబుల్: అమెరికా క్రిస్టియన్ హోమ్‌స్కూల్ ఇంట్లో రోజు ఎలా గడుస్తుంది?



రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. పెద్ద తెల్ల వ్యాను వచ్చి ఆగుతుంది. తలుపు తీస్తే ఒకరి తర్వాత ఒకరు పిల్లలు దిగుతూనే ఉంటారు. ఆరు, ఏడు, ఎనిమిది... "వీళ్ళెవరూ స్కూల్‌కి వెళ్ళరు, చదువంతా ఇంట్లోనే" అని కింద రాసి ఉంటుంది. అది చూసి ఒకరు "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అంటారు. ఇంకొకరు "పాపం పిల్లలు" అంటారు. రెండూ ముప్పై సెకన్లు చూసి అనే మాటలే కదా. ఇవాళ కొంచెం నిదానంగా, ఆ తలుపు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

నేను టెక్సాస్‌లో మూడేళ్ళు ఉన్నాను. మా పక్కింటివాళ్ళకి తొమ్మిది మంది పిల్లలు. పెద్దమ్మాయికి 17, చివరివాడికి ఏడాదిన్నర. నాన్న ఉద్యోగం చేస్తారు, అమ్మ ఇంట్లో ఉండి చదువు చెప్తుంది. ఆదివారం చర్చి, బుధవారం సాయంత్రం కూడా చర్చి. వాళ్ళ పేర్లు నేను చెప్పను, కానీ వాళ్ళ ఇంట్లో చూసినవి, ఆ దేశంలో ఈ పద్ధతి గురించి చదివినవి కలిపి చెప్తాను.

ముందు లెక్క చూడండి

పిల్లలు తొమ్మిది, పెద్దవాళ్ళు ఇద్దరు. మొత్తం 11 మంది. పూటకి ఒక ప్లేటు అనుకున్నా రోజుకి 33 ప్లేట్లు. తలా ఒక జత అంటే రోజుకి 22 సాక్సులు. ఇందులో ఎవరిది ఏదో వెతకడం మొదలుపెడితే మధ్యాహ్నం అయిపోతుంది. అందుకే చాలా పెద్ద కుటుంబాల్లో సైజు దగ్గరగా ఉన్న పిల్లలందరికీ ఒకే రంగు సాక్సులు కొంటారు. మా పక్కింట్లో అయితే ప్రతి పిల్లాడికీ ఒక రంగు గ్లాసు. సింకులో ఎర్ర గ్లాసు కడగకుండా ఉంటే అది ఎవరిదో అడగక్కర్లేదు.

వంట మన ఇంట్లో పండగకి పులిహోర కలిపే బేసిన్ సైజులో ఉంటుంది. పొద్దున ఓట్స్ లేదా గుడ్లు, మధ్యాహ్నం సాండ్‌విచ్‌లు, రాత్రికి పెద్ద కుండ సూప్. జీతం ఒక్కటే కాబట్టి ఖర్చు చూసుకోవాలి. పెద్దవాడి షర్టు మూడోవాడికి, అక్కడి నుంచి అయిదోవాడికి వస్తుంది. ఇది మనకి కొత్తేం కాదు, మన అమ్మమ్మల ఇళ్ళల్లో జరిగిందే.

ఫ్రిజ్ మీద పనుల చార్టు ఉంటుంది. ఒకరు డిష్‌వాషర్ ఖాళీ చేయాలి, ఒకరు చెత్త పడేయాలి, ఒకరు బట్టలు మడతపెట్టాలి. అయిదేళ్ళ పిల్లకి కూడా పనుంది, చెంచాలు ఒకవైపు, ఫోర్కులు ఒకవైపు పెట్టడం. వాళ్ళ దృష్టిలో ఇది కూడా చదువే.

ఒక్క అమ్మ ఏడు క్లాసులు ఎలా చెప్తుంది?

నేను మొదట అడిగింది ఇదే. ఏడుగురు చదువుకునే వయసులో ఉన్నారు, ఏడు వేర్వేరు క్లాసులు. మన ఊళ్ళల్లో ఏకోపాధ్యాయ పాఠశాల చూసినవాళ్ళకి ఈ కిటుకు తెలుసు.

పొద్దున ఎనిమిదిన్నరకి అందరూ టేబుల్ చుట్టూ కూర్చుంటారు. బైబిల్ చదవడం, ఒక పాట, ప్రార్థన, తర్వాత కంఠస్థం. కూర్చున్నా, నడుస్తున్నా, పడుకుంటున్నా, లేస్తున్నా దేవుడి మాటలు పిల్లలకి నేర్పమని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఉంది. పిల్లల్ని విలుకాడి చేతిలో బాణాలతో పోల్చే 127వ కీర్తన ఉంది. ఈ ఇళ్ళల్లో చదువు ఎందుకు ఇంట్లోనే అని అడిగితే మొదటిది చూపిస్తారు. ఇంతమంది పిల్లలు ఎందుకు అంటే చాలామంది రెండోది చూపిస్తారు.

ఆ తర్వాత చరిత్ర, సైన్స్, కథల పుస్తకం అందరికీ కలిపే చెప్తుంది. పాఠం ఒకటే, రాసే పని వేరు. ఏడేళ్ళవాడు బొమ్మ వేస్తాడు, పదేళ్ళ అమ్మాయి అయిదు వాక్యాలు రాస్తుంది, పద్నాలుగేళ్ళవాడు రెండు పేజీలు రాయాలి. లెక్కలు, చదవడం నేర్చుకోవడం మాత్రం కలిపి చెప్పడం కుదరదు. అందుకే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాల చొప్పున అమ్మ పక్కన వంతు. మిగతావాళ్ళు తమ పుస్తకం తాము చేసుకుంటారు. పన్నెండు, పదమూడు దాటాక ఎక్కువ భాగం సొంతంగానే, పుస్తకం, వీడియో పాఠం, వెనక జవాబుల కీ.

ఈ పుస్తకాలు అమ్మడం పెద్ద వ్యాపారం. అబెకా, బీజేయూ ప్రెస్ లాంటి క్రిస్టియన్ ప్రచురణలు ఉన్నాయి. 1970లో టెక్సాస్‌లో మొదలైన యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్ అయితే సంవత్సరం సిలబస్‌ని ఒక్కో సబ్జెక్టుకి 12 చిన్న వర్క్‌బుక్‌లుగా విడగొడుతుంది. పిల్లలే చేసి పిల్లలే దిద్దుకుంటారు. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ మూడింటి సైన్స్ పుస్తకాలూ పరిణామ సిద్ధాంతాన్ని తప్పని, భూమి వయసు కొన్ని వేల సంవత్సరాలేనని నేర్పుతాయి. ఆ పిల్లలు కాలేజీలో బయాలజీ తీసుకుంటే ఆ తేడా వాళ్ళకి గట్టిగానే తగులుతుంది.

మధ్యాహ్నం గంటన్నర ఇల్లంతా నిశ్శబ్దం. చిన్నవాళ్ళు నిద్ర, పెద్దవాళ్ళు పుస్తకం. అమ్మకి ఆ గంటన్నరే ఊపిరి. సాయంత్రం పియానో, ఫుట్‌బాల్, సైకిళ్ళు. గురువారం కో-ఆప్ ఉంటుంది, అంటే పది పదిహేను హోమ్‌స్కూల్ కుటుంబాలు ఒక చర్చి హాల్లో కలుస్తాయి. కెమిస్ట్రీ తెలిసిన తల్లి అందరి పిల్లలకీ కెమిస్ట్రీ చెప్తుంది, ఇంకొకావిడ స్పానిష్ చెప్తుంది. "వీళ్ళకి స్నేహితులు ఉండరు" అనే మాట అందరి విషయంలో నిజం కాదు. కానీ ఆ స్నేహితులు కూడా చాలావరకు అదే నమ్మకం ఉన్న ఇళ్ళ నుంచే వస్తారు, అది కూడా నిజమే.

చదువు బాగా వస్తుందా?

వచ్చినవాళ్ళకి చాలా బాగా వస్తుంది. మన తెలుగువాళ్ళు అమెరికాలో ప్రాణం పెట్టి చూసే స్పెల్లింగ్ బీ ఉంది కదా, 2000 సంవత్సరంలో దాన్ని గెలిచిన భారత సంతతి అబ్బాయి జార్జ్ థాంపీ హోమ్‌స్కూల్ విద్యార్థే. ఆ ఏడు మొదటి మూడు స్థానాలూ ఇంట్లో చదివిన పిల్లలవే.

సంఖ్య కూడా పెరిగింది. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 1999లో సుమారు 8.5 లక్షల మంది, 2016కి సుమారు 17 లక్షల మంది ఇంట్లో చదువుతున్నారు. అందరూ మతం కోసమే అనుకోకండి. 2016 సర్వేలో అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఏమిటని అడిగితే 34 శాతం మంది స్కూల్లో వాతావరణం మీద భయం అన్నారు. మత బోధన అన్నవాళ్ళు 16 శాతం.

మరి గవర్నమెంట్ ఊరుకుంటుందా?

ఊరుకుంటుంది. ఎంతవరకు అనేది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఆమిష్ కుటుంబాల కేసులో, ఎనిమిదో క్లాసు తర్వాత పిల్లల్ని స్కూల్‌కి పంపమని వాళ్ళని బలవంతపెట్టడం వాళ్ళ మత స్వేచ్ఛకి విరుద్ధం అంది. అది హోమ్‌స్కూల్ కేసు కాదు, కానీ హోమ్‌స్కూల్ తల్లిదండ్రులకి ధైర్యం ఇచ్చింది. 1983లో వాళ్ళ కోసం హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ అనే న్యాయ సంఘం పుట్టింది. 1993 వచ్చేసరికి 50 రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధం.

న్యూయార్క్‌లో అయితే ముందే ప్లాన్ ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, ఏటా మూల్యాంకనం ఉంటుంది. టెక్సాస్‌లో ఇంటి స్కూల్‌ని ప్రైవేటు స్కూల్‌గానే చూస్తారు. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ అయిదూ చెప్తే చాలు. పరీక్ష లేదు, రిపోర్టు లేదు, తలుపు కొట్టి అడిగేవాళ్ళు లేరు.

ఇదే నన్ను ఆలోచనలో పడేసింది.

పెద్దక్క సంగతి

మన దగ్గర కూడా అక్క అంటే సగం అమ్మ. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగే పెద్దక్కలు మనకి తెలుసు. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో ఆ సగం పెరిగి పెరిగి ముప్పావు అవుతుంది. అమెరికాలో డగ్గర్ కుటుంబం మీద 2008 నుంచి 2015 వరకు టీవీ షో వచ్చింది, చివరికి దాని పేరులోనే 19 మంది పిల్లలు. ఆ ఇంట్లో ప్రతి చిన్న పిల్లకీ ఒక పెద్ద పిల్లని 'బడ్డీ'గా పెట్టేవాళ్ళు. టీవీలో అది ముద్దుగా కనిపించేది. తర్వాత ఆ ఇంటి కూతురు జిల్ 2023లో తన పుస్తకంలో ఆ చిరునవ్వుల వెనక ఎంత ఒత్తిడి ఉండేదో రాసింది.

మా పక్కింటి పెద్దమ్మాయికి నర్సింగ్ చదవాలని ఉండేది. ఒకసారి లెక్కలు ఎక్కడిదాకా వచ్చాయని అడిగాను. "చేస్తూనే ఉంటాను, బాబు లేస్తాడు" అంది. ఫిర్యాదులా కూడా అనలేదు. పొద్దున పది గంటలకి పిల్లాడు లేస్తాడు, ఎత్తుకునేది తనే, ఆ రోజు ఆల్‌జీబ్రా అక్కడితో సరి. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఎవరో ఒకరు ఎత్తుకోవాలి కదా.

అయితే ఆ తల్లి గమనించింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా పెద్దమ్మాయి చేతికి చంటివాణ్ణి ఇవ్వకూడదని ఫ్రిజ్ మీద చార్టులో రాసింది. ఆ అమ్మాయి మార్కులన్నీ ఫైల్ చేసి ట్రాన్‌స్క్రిప్ట్ తయారుచేసింది. అమెరికాలో హోమ్‌స్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ తల్లిదండ్రులే ఇస్తారు. కమ్యూనిటీ కాలేజీలో రెండు కోర్సులకి చేర్పించింది. నేను వచ్చేసే నాటికి ఆ పిల్ల వారానికి రెండుసార్లు ఇంటి బయట, తన వాళ్ళు కాని టీచర్ దగ్గర కూర్చుంటోంది.

ఇంకో ఇంట్లో ఇలా జరగలేదు. 2015లో టెక్సాస్‌లోనే ఒక అమ్మాయి యూట్యూబ్‌లో వీడియో పెట్టింది. తొమ్మిది మంది పిల్లల్లో ఒకరు, పుట్టింది ఇంట్లో, చదివింది ఇంట్లో. ఇల్లు వదిలి వచ్చాక చూస్తే బర్త్ సర్టిఫికెట్ లేదు, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, స్కూల్ రికార్డు లేదు, హాస్పిటల్ రికార్డు లేదు. ఉద్యోగం రాదు, లైసెన్స్ రాదు. తను ఉన్నానని నిరూపించుకోవడానికి జనం సాయం అడిగింది. ఆ వీడియో ఎంత తిరిగిందంటే, పిల్లలకి ఇవ్వాల్సిన పత్రాలు ఇవ్వకపోవడం నేరం అని టెక్సాస్ అదే సంవత్సరం చట్టం చేసింది.

రెండూ దేవుడంటే భక్తి ఉన్న ఇళ్ళే, రెండూ పెద్ద కుటుంబాలే. తేడా నమ్మకంలో లేదు ఫ్రెండ్స్. ఒక ఇంటికి కిటికీ ఉంది, ఇంకో ఇంటికి లేదు. ఇల్లే బడి అయినప్పుడు అమ్మే టీచరు, నాన్నే హెడ్‌మాస్టరు. పిల్లకి ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి? ఇంట్లో చదివి పెరిగినవాళ్ళే కొందరు 2013లో కోయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ అని పెట్టుకుని అడుగుతున్నది ఇదే. హోమ్‌స్కూల్ మూసేయమని కాదు, పిల్లల్ని బయటివాళ్ళు కూడా అప్పుడప్పుడు చూడాలని.

మన దగ్గర చేయొచ్చా?

మన దేశంలో హోమ్‌స్కూల్‌కి ప్రత్యేక చట్టం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల గురించి చెప్తుంది. ఇంట్లో చదివేవాళ్ళు చాలామంది 14 నిండాక ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి రాస్తారు. ఏపీకి, తెలంగాణకి సొంత ఓపెన్ స్కూళ్ళు కూడా ఉన్నాయి.

రేపు మీ అక్కో, మీ ఫ్రెండో "పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తాం" అంటే, మంచిదా చెడ్డదా అని వాదించకండి. మూడు అడగండి. పిల్ల పేరు మీద పత్రాలన్నీ ఉన్నాయా? వారానికి ఒక్కసారైనా ఇంటివాళ్ళు కాని పెద్ద మనిషి ఎవరైనా ఆ పిల్లతో మాట్లాడతారా? పొద్దున పూట పెద్దపిల్ల చేతిలో పుస్తకం ఉంటుందా, చంటిపిల్ల ఉంటుందా?

వచ్చే ఎపిసోడ్‌లో ఓపెన్ స్కూల్ అడ్మిషన్ ఎలాగో ఒక్కొక్క స్టెప్పూ చూద్దాం. ఉంటాను మరి.