పాత వ్యానులో బల్లయు, తిరుగుడు కుర్చీయు

పడమటి దేశములయందు మోటారుబండినే చిన్న యిల్లుగా నమర్చుకొని, సెలవు దినములలో సముద్రతీరములకును కొండప్రాంతములకును పోవు కుటుంబములు పెక్కు గలవు. ఇట్టి బండిని క్యాంపరు వ్యాను అందురు. అందులో పడకయు, పొయ్యియు, నీళ్లతొట్టియు నుండును. పాతకాలపు వ్యానులలో మిక్కిలి పేరు వడసినది జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ బండి. 1947లో బెన్ పాన్ అను డచ్చి వర్తకుడు దాని రూపమును కాగితముపై గీసి చూపెను. 1950లో బండ్లు తయారు కాజొచ్చినవి. మఱుసటి యేడే వెస్ట్‌ఫాలియా సంస్థవారు అందులో దింపుటకును మరల తీయుటకును వీలగు సామానును చేసి యమ్మసాగిరి. బ్రెజిలు దేశమున 2013 వఱకు ఈ తరహా బండ్లను చేయుచునే యుండిరి. యాబదేండ్ల నాటి బండ్లను బాగుచేయించుకొని ముద్దుగా వాడుకొనువారు ఇప్పటికిని గలరు.

ఇంగ్లండులో కాపురమున్న మా పినతండ్రిగారి కుమార్తె పోయిన యేడు అట్టి బండి నొకదానిని కొనెను. కొన్న నెలకే మాకు జాబు వ్రాసినది. “అక్కయ్యా, ఇక్కడ వాన యెప్పుడు వచ్చునో తెలియదు. వచ్చినచో నలుగురమును లోపలనే భోజనము చేయవలయును. వెనుక సోఫాపై ముగ్గురము ఇఱుకుకొని కూర్చుండగా, మీ మఱదిగారు ముందుసీటులో మాకు వీపు చూపుచు ఒడిలో పళ్లెము పెట్టుకొని తినుచున్నారు. బల్ల యొకటి వేయించి, ముందు సీట్లు రెండును వెనుకకు తిరుగునట్లు చేయింప దలచితిమి. మీరేమందురు?” అని యడిగినది. ఒక పూట భోజనమున ఇంటి యజమాని అందఱికిని వెనుదిరిగి కూర్చుండుట మాకును బాగుగా తోచలేదు.

పుష్పక విమానమున నెందఱెక్కినను మఱియొకరికి చోటుండునందురు. ఈ బండి యట్టిది కాదు. పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు, వెడల్పు ఒకటిన్ముప్పాతిక మీటరు లోపు. ఇంజను వెనుక నుండుటచే నచ్చటి నేల యెత్తుగా నుండును. నడుమ మిగులు చదునైన చోటు కొంచెమే. కావున మేము చెల్లెలిచేత కొలతలన్నియు తెప్పించుకొని, మా వసారాలో ముగ్గుపిండితో బండి నేలను ఉన్నది యున్నట్లు గీచితిమి. మా వారు బడిలో క్షేత్రగణితము చెప్పువారగుటచే కోణములు తప్పకుండ చూచిరి. కుర్చీలకు మాఱుగా పీటలును, బల్లకు మాఱుగా అట్టముక్కయు నుంచి, ఇరుగుపొరుగు పిల్లలను కూర్చుండబెట్టి చూచితిమి. కాగితముపై చక్కగా పట్టిన బల్ల, ముగ్గులో పెట్టగానే పక్కతలుపునకు అడ్డము వచ్చినది! పాతబండిలో పెట్రోలును, పొయ్యి గ్యాసును రెండు నుండును. నిప్పంటుకొన్నయెడల పిల్లలు బల్లక్రింద దూరి దిగవలసిన యేర్పాటు పనికిరాదు. అంతట బల్లను 75 సెంటీమీటర్ల పొడవునకును 50 సెంటీమీటర్ల వెడల్పునకును తగ్గించితిమి.

ఇక తిరుగుడు కుర్చీ సంగతి. రెండు ఉక్కుపలకల నడుమ ఇరుసొకటి యుండును. క్రిందిపలకను సీటు పీఠమునకును, మీదిపలకను సీటునకును బోల్టులతో బిగింతురు. మీట నొత్తినచో సీటు తిరుగును. తిరుగునపుడు వీపుభాగము తలుపునకు తగులును గనుక, సీటును ముందునకు జరిపి, తలుపు తెఱచి త్రిప్పవలసి వచ్చుట సామాన్యము. ఇరుసు నడిమధ్యను గాక కొంచెము ప్రక్కకు నుండు పలకలను కొన్నచో సీటు లోపలివైపునకు జరుగుచు తిరుగును. ఇఱుకు బండికి అవియే మేలు. సీట్ల వెనుక అడ్డుగోడ గల బండ్లును గలవు. దానిని కోసినచో బండికట్టు బలము తగ్గును గనుక, వెల్డింగు తెలిసిన పనివానిచేత బలపఱుపింపక కోయింపరాదు. మా చెల్లెలి బండిలో సీట్ల నడుమ దారి యున్నది. ఆ బాధ లేకపోయినది.

రెండు సీట్లును తిరుగుట మాకు సమ్మతము గాలేదు. పలకలవలన సీటు కొన్ని సెంటీమీటర్లు ఎత్తగును. బండి నడపునది మా చెల్లెలే. ఆమె పొట్టిది, ఎత్తు పెరిగినచో కాళ్లు పెడళ్లకు సరిగా నందవు. ఇంటివారు పొడగరులైన చోట తల కప్పునకు తగులును. చేతి బ్రేకు అడ్డమగు బండ్లలో డ్రైవరు సీటు త్రిప్పుటకు బ్రేకు దింపవలసి వచ్చును. అపుడు చక్రములకు దిమ్మెలు పెట్టక తప్పదు. కాబట్టి డ్రైవరు సీటును కదపవద్దనియు, ప్రక్కసీటునే త్రిప్పించుమనియు వ్రాసితిమి. మఱదిగారు దానిలో కూర్చుండి యిటు తిరిగినచో చాలును.

తిరుగు సీటు ప్రయాణమున తిరుగని సీటు కావలయును. బయలుదేరుటకు ముందు దానిని ముందునకు త్రిప్పి, మీట పడినదని చెవితో విని, రెండు చేతులతో గుంజి చూడవలయును. ఈ బండిలో బెల్టు సీటునకు గాక బండికట్టునకు బిగించి యున్నది. సీటు వెనుకకు గాని ప్రక్కకు గాని తిరిగియున్నపుడు అది కాపాడదు. మఱి బల్లచుట్టు నందముగా నుండునని చెల్లెలు గోడవెంట నొక అడ్డబెంచీ వేయింపదలచి, పిల్లలను దారిలో దానిమీదనే కూర్చుండబెట్టుదమనినది. దానికి మేము గట్టిగా కాదంటిమి. ప్రక్కవాటుగా కూర్చున్నవారిని బెల్టు సరిగా పట్టదు. బెల్టులు లేని పాతబండిలో మూడేండ్లలోపు బిడ్డ నెక్కింపరాదనియు, అంతకు పైబడినవారిని వెనుకనే కూర్చుండబెట్టవలెననియు ఆ దేశపు చట్టము. ఆమె చిన్నవానికి ఐదేండ్లు. అడ్డబెంచీ మాని, ఆ డబ్బుతో వెనుకసోఫాకు ముందుచూపుగా బెల్టులు బిగింపించుమని వ్రాసితిమి. రెండు వారములు జాబు రాలేదు. పిదప బెల్టులు పెట్టించితినని వ్రాసినది.

బల్ల విషయమున తేలికయే ముఖ్యము. పండ్రెండు మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డుతో చేసినచో పైపలక సుమారు మూడు కిలోలు తూగును. అంగుళము మందపు టేకుపలక దానికి రెట్టింపు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు పదునాలుగు మీటర్లు పోవును. బండి తటాలున ఆగినను, కట్టని బల్ల ఆగక అదే వేగముతో ముందున్నవారి తలలమీదికి పోవును. దానికి కాలు నేలలో గ్రుచ్చుట యొక పద్ధతి. కాని నేలక్రింద గేరుకడ్డీయు, బ్రేకుగొట్టములును, వేడిగాలి గొట్టమును పోవును. క్రింద చూడక రంధ్రము చేయుట ప్రమాదము. 1979లో వచ్చిన తరువాతి తరపు బండ్లలో కొన్నింటికి వెస్ట్‌ఫాలియావారు ఇనుపచేతిపై నిటునటు తిరుగు బల్లను పెట్టిరి. అది చూడముచ్చటైనది గాని వెల యెక్కువ. మా చెల్లెలు అలమార ప్రక్కకు పట్టీ యొకటి బిగించి, దానికి తగిలించు బల్లయు, దానికి మడతకాలును చేయించినది. బల్ల యెత్తును నేలనుండి కొలువరాదు. మనిషి కూర్చుండి మెత్త యణగిన పిమ్మట, మెత్తమీదనుండి 28 సెంటీమీటర్లు కొలిచితిమి. రాత్రి దానినే దింపి సోఫా చట్టముపై నుంచినచో పడక పూర్తియగును.

పగలు దారిలో బల్లను సోఫా వెనుక నిలువుగా నుంచి రెండు పటకాలతో బిగింతురు. గడియలక్రింద ఉన్నిగుడ్డ యంటించినపిదప గలగలలు తగ్గినవట. సీటుపలక మాత్రమింకను గుంతలలో కిఱ్ఱుమనుచున్నది. బోల్టులను మరల బిగింపించుమని వ్రాసితిమి.