గొట్టమే వార్తాహరుడు

భూమిలోని నీటి గొట్టం ఎక్కడ కారుతున్నదో తెలుసుకోవడానికి సరఫరా సిబ్బంది వాల్వుపై లోహపు కడ్డీ నిలిపి, దాని పైకొనకు చెవి ఆనించి వినడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. రంధ్రంలో నుండి నీరు చిమ్మే చప్పుడును గొట్టమే మోసుకొని వస్తుంది. చప్పుడును మోసే గొట్టం చేత సమాచారాన్ని కూడా మోయించవచ్చు.

ఈ అవసరం ఎందుకు కలిగింది? రేడియో తరంగాలు తడి నేలలో త్వరగా క్షీణిస్తాయి. తీగ వేయాలంటే రోడ్డు తవ్వాలి. గొట్టం మాత్రం అక్కడ ముందే ఉన్నది. పైగా ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తే, ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పయనిస్తుంది.

మనిషి చెవికి దాదాపు 20,000 హెర్ట్జుల వరకే ధ్వని వినిపిస్తుంది. అంతకు మించినవి అతిధ్వనులు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. వాటికి విద్యుత్తునిస్తే అవి కంపిస్తాయి కూడా. ఇట్టి గుణం గల బిళ్ళను గొట్టానికి అతికించి, కంపనం ఉంటే ఒకటి, లేకుంటే సున్న అన్న సంకేతంతో అంకెలను పంపవచ్చు. దూరాన ఉన్న మరొక బిళ్ళ ఆ కంపనాన్ని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది.

చిక్కులు లేకపోలేదు. వంపుల వద్ద, అతుకుల వద్ద, వాల్వుల వద్ద తరంగం ప్రతిధ్వనిస్తుంది. ఒకే తరంగం పలు రూపాలుగా చీలి, వేర్వేరు వేగాలతో చేరుతుంది. సంకేతాలు ఒకదానిపై ఒకటి పడకుండా వాటిని నిదానంగా పంపాలి. ప్లాస్టిక్ గొట్టాలలో తరంగం త్వరగా అణగారిపోతుంది. అయితే నీటి పీడనం ఎంతో చెప్పడానికి నాలుగంకెలు చాలును.

ఆ నాలుగంకెలకు విలువ ఎక్కువ. సరఫరా ఆగి పీడనం తగ్గినప్పుడు, నీరు బయటికి కారిన రంధ్రం గుండానే మురుగు లోపలికి చేరగలదు. కనుక లీకేజీ నీటి నష్టం మాత్రమే కాదు, ఆరోగ్యానికి ముప్పు కూడా.

రాత్రి పడుకునే ముందు ఇంటిలోని కొళాయిలన్నీ కట్టివేసి, సంపు, ట్యాంకు నిండి ఉన్నప్పుడు మీటరును గమనించండి. అప్పటికీ ముల్లు తిరుగుతుంటే ఎక్కడో నీరు కారుతున్నట్లే. వానలు లేకున్నా వీధిలో ఒకచోట తడి ఆరకుంటే వార్డు కార్యాలయానికి తెలియజేయండి. గొట్టం చెప్పలేని చోట పౌరుడే చెప్పవలసి ఉంటుంది.