ఎం.సి.బి. చూడలేని వేడి

"ఎం.సి.బి. పడలేదుగా, ఇంకేం భయం?" ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇండక్షన్ స్టవ్వు తగిలించిన ఇంట్లో తరచూ వినపడే మాట ఇది. ఆ ధైర్యంతోనే ప్లగ్గులు నల్లబడుతున్నా వాడేస్తుంటారు. కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఎం.సి.బి.; అది పడలేదంటే గోడలోని వైరులో కరెంటు హద్దు దాటలేదని మాత్రమే అర్థం. నేల మీద ఉన్న బాక్సు సంగతి దానికి తెలియదు.

తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గరున్న రాజపాళయం ఈ విషయం చెప్పుకోవడానికి తగిన ఊరు. విజయనగర కాలంలో దక్షిణానికి తరలి వెళ్లిన రాజు సామాజికవర్గం కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాది ఈ ఊరే. పి.ఏ.సి. రామస్వామి రాజా 1936లో ఇక్కడ రాజపాళయం మిల్స్ స్థాపించారు. అప్పటినుంచి ఇది నూలు మిల్లుల ఊరు. పక్కనున్న ఛత్రపట్టిలో ఆసుపత్రులకు వెళ్లే బ్యాండేజీ గుడ్డ నేస్తారు.

దూది, ధూళి, మోటార్లు ఒకే కప్పు కింద ఉండే చోట కరెంటుతో చనువు పనికిరాదు. అందుకే స్పిన్నింగ్ మిల్లులో మోటారుకి స్టార్టరు ఉంటుంది, దానిలో ఆ మోటారు కరెంటుకి సరిపెట్టిన ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మోటారు మోయాల్సినదానికంటే ఎక్కువ లాగితే రిలే దాన్ని ఆపేస్తుంది. ప్యానెళ్లలో స్క్రూలు వదులయ్యాయేమోనని ఎప్పటికప్పుడు చూసుకుంటారు. మిల్లులో ఇంత పద్ధతిగా పనిచేసే మనిషి ఇంటికొచ్చి గీజరు ప్లగ్గుని తెల్ల ప్లాస్టిక్ బాక్సుకి గుచ్చితే, ఆ బాక్సుని కాపాడే రిలే ఎక్కడా లేదు.

ముందు లెక్క చూద్దాం. మన ఇళ్ల వోల్టేజీ 230. పరికరం మీద రాసిన వాట్లని 230తో భాగిస్తే అది లాగే ఆంపియర్లు వస్తాయి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె సుమారు 4.3 ఆంపియర్లు. 1500 వాట్ల హీటర్ రాడ్డు 6.5. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు 8.7. 3000 వాట్ల గీజరు 13. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు మోయగలిగేది 6 ఆంపియర్లు. అంటే ఒక్క హీటర్ రాడ్డుకే దాని హద్దు దాటిపోతుంది.

శబ్దాన్ని బట్టి బరువు అంచనా వేయకూడదు. తమిళనాడు ప్రభుత్వం 2011లో రేషన్ కార్డుల మీద మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. ఇంట్లో పిండి రుబ్బే టేబుల్‌టాప్ గ్రైండరు చేసే హడావిడి అంతా ఇంతా కాదు, కానీ అలాంటివి ఎక్కువగా 150 వాట్లే, 1 ఆంపియరు లోపు. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు. చప్పుడు లేకుండా నీళ్లు కాచే రాడ్డు దానికి 10 రెట్లు. వేడి పుట్టించే పరికరం ఏదైనా పెద్ద లోడే అనుకోవాలి. ఏసీ, మోటారు పంపు కూడా అదే వరసలో చేరతాయి. స్టార్టయ్యే క్షణంలో పాత రకం కంప్రెసరు మామూలుకంటే ఐదారు రెట్లు లాగుతుంది.

వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జూల్ 1841లోనే చెప్పాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. చవక బాక్సులకు వచ్చే 0.75 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు 5 మీటర్లది తీసుకోండి. వెళ్లేది, వచ్చేది కలిపి దాని నిరోధం 0.26 ఓమ్. 6 ఆంపియర్లకు అందులో 9 వాట్ల వేడి పుడుతుంది. అదే బాక్సుకి ఇండక్షన్ స్టవ్వు, 1500 వాట్ల కెటిల్ కలిపి పెడితే కరెంటు 15.2 ఆంపియర్లు, వేడి 60 వాట్లు. వైరు పరిచి ఉంటే ఆ వేడిలో కొంత గాలిలోకి పోతుంది. చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేసినా, చాప కింద దూర్చినా పోయే దారి లేదు. మామూలు పి.వి.సి. తొడుగు లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదు. ఎండాకాలం గది 40 డిగ్రీలుంటే మనకు మిగిలేది 30 డిగ్రీల జాగా.

అయితే ఎక్కువ బాక్సులు కాలేది వైరు మధ్యలో కాదు, ప్లగ్గు పిన్ను సాకెట్టులోని ఇత్తడి రేకుని తాకే చోట. రేకు పిన్నుని గట్టిగా పట్టుకుంటే అక్కడ నిరోధం దాదాపు ఉండదు. రేకు సాగి పట్టు వదిలితే, లేదా పైన ఆక్సైడు పొర పడితే, తాకే చోటు సూది మొనంత అవుతుంది. అక్కడ నిరోధం 0.15 ఓమ్ అయిందనుకుందాం. గీజరు లాగే 13 ఆంపియర్లకు ఆ ఒక్క చుక్కలో 25 వాట్ల వేడి. రేడియోలు బాగుచేసే కొట్టులో సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లే; అది సీసాన్ని కరిగిస్తుంది. సాకెట్టులో ఆ వేడి రేకు బిగువుని ఇంకా తీసేస్తుంది, బిగువు తగ్గాక నిరోధం పెరుగుతుంది, నిరోధంతో వేడి పెరుగుతుంది. నెలల తరబడి ఇది సాగి, ఒకరోజు ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది.

ఈ సమయమంతా ఎం.సి.బి. ఏం చేస్తుంది? ఏమీ చేయదు. అది కొలిచేది కరెంటుని. సాకెట్టు కాలుతున్నా కరెంటు 13 ఆంపియర్లే కదా! 16 ఆంపియర్ల ఎం.సి.బి. 18 ఆంపియర్ల దగ్గర గంటసేపు పడకుండా ఉండాలనీ, 23 దాటితే గంటలోపు పడాలనీ ప్రమాణాల్లోనే ఉంది. 6 ఆంపియర్ల బాక్సులో 15 ఆంపియర్లు రాత్రంతా పారినా అది కదలదు. షాకు నుంచి కాపాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ప్రతి ఇంటికీ అవసరమే, కానీ ఈ వేడి దానికీ కనపడదు.

బ్రిటన్‌లో 1947లో వచ్చిన చదరపు పిన్నుల ప్లగ్గులో ఫ్యూజు పెట్టారు. సన్నవైరు బాక్సు అయినా సరే, ప్లగ్గులోని ఫ్యూజే దాన్ని కాపాడుతుంది. మనం వాడేది అంతకుముందు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణంలోని గుండ్రటి పిన్నులు, వాటిలో ఫ్యూజు లేదు. ఉన్న రక్షణ పిన్ను లావే. చిన్న ప్లగ్గు పిన్ను సుమారు 5 మిల్లీమీటర్లు, పెద్దది 7. పెద్ద పిన్ను చిన్న రంధ్రంలో పట్టకపోవడం హెచ్చరిక. బజారులో దొరికే "పెద్దది టు చిన్నది" కన్వర్టరు ఆ హెచ్చరికను చెరిపేస్తుంది. అన్ని రకాల ప్లగ్గులూ పట్టే సాకెట్లున్న బాక్సులు కూడా నాకు నచ్చవు. అన్నిటినీ పట్టాలని చేసిన రేకు దేనినీ గట్టిగా పట్టదు. అమెరికాలో మన పిల్లల ఇళ్లలో వోల్టేజీ 120 మాత్రమే కాబట్టి 1500 వాట్ల రూమ్ హీటరుకే 12.5 ఆంపియర్లు కావాలి. హీటరుని గోడ సాకెట్టుకే పెట్టండి, ఎక్స్‌టెన్షన్‌కు వద్దని అక్కడి అగ్నిప్రమాద నివారణ సంస్థలు చెబుతూనే ఉంటాయి.

సరైన పరిష్కారం గోడలోనే ఉంది. గీజరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్వు ఒక్కోదానికీ డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, సొంత ఎం.సి.బి. ఉండాలి. వైరు 2.5 స్క్వేర్ ఎం.ఎం.కి తగ్గకూడదు, గీజరుకీ ఏసీకీ 4 అయితే మంచిది. బల్బులు, ఫ్యాన్లు, ఒక రేడియో కోసం వైరింగు చేసిన పాత ఇళ్లలో ఈ ఖర్చు తప్పదు, వాయిదా వేయకూడదు. తాత్కాలికంగా ఎక్స్‌టెన్షన్ కావాల్సి వస్తే 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్టు, ఎర్తుతో కలిపి మూడు తీగల 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు ఉన్న ఐ.ఎస్.ఐ. మార్కు బాక్సు తీసుకోండి. పూర్తిగా పరచండి. ఒక్కటే పరికరం పెట్టండి. ఒక బాక్సుకి ఇంకో బాక్సు తగిలించకండి. ఎప్పుడైనా మంట కనపడితే ముందు మెయిన్ ఆపాలి. కరెంటు పోయిందని తేలేదాకా నీళ్లు పోయకూడదు.

ఈ వారంలో ఒక పని చేయండి. గీజరో స్టవ్వో అరగంట నడిచాక స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, దాని ప్లాస్టిక్ ఒంటిని తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉన్నా, పిన్నుల చుట్టూ గోధుమరంగు కనపడినా, ఆ సాకెట్టుని మళ్లీ వాడకండి. అదే రోజు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్గు, సాకెట్టు రెండూ మార్పించండి.