సముద్రం దాటిన సుగ్గి

విదేశయాత్ర చేసి వచ్చినవారు పెట్టె విప్పకముందే ఒక వ్యాసం రాసి పత్రికకు పంపడం మనలో చాలాకాలంగా ఉన్న ఆచారమే. నేను మాత్రం వెళ్ళివచ్చిన దాదాపు ఇరవై ఏళ్ళకు ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. అక్కడ చూసినదాని అర్థం ఇక్కడ మా ఊళ్ళో ఏటా కొంచెం కొంచెంగా తెలిసివస్తూంది. అందుకే ఇంతకాలం పట్టింది.

పోనీ, నేను వెళ్ళింది లండనా, న్యూయార్కా? అవేవీ కాదు. హిందూ మహాసముద్రంలో ఉన్న మారిషస్ దీవికి. దేశం మొత్తం కలిపి 2,040 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి మా కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు అన్నమాట. ఆ చిన్న దేశంలో ఉగాది సెలవు దినమని, బడిలో తెలుగు చెబుతారని మనలో ఎంతమందికి తెలుసు? ఎం.ఏ. తెలుగులో చేరేదాకా నాకూ తెలియదు.

గదిలో రెండో మంచం

మా పుట్టిల్లు ఆదోని. అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. నాయన పత్తి మిల్లులో గుమాస్తా. ఎమ్మిగనూరులో తాతది మగ్గం. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం పేరు చెప్పందే తాతకు ఏ సంభాషణా పూర్తయ్యేది కాదు. మా ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అందుచేత మా తెలుగులో కన్నడం పాలు ఎక్కువ, ఉర్దూ పాలు తక్కువేమీ కాదు.

అటువంటి తెలుగు పట్టుకుని 2002లో ఎం.ఏ. చదవడానికి హైదరాబాదు వెళ్ళాను. హాస్టల్లో నా గదిలో రెండో మంచం ఒక మారిషస్ అమ్మాయిది. మౌలానా ఆజాద్ 1950లో స్థాపించిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే ఉపకార వేతనాలతో విదేశీ విద్యార్థులు మన విశ్వవిద్యాలయాలకు వస్తూంటారు. మారిషస్ నుంచి తెలుగు చదవడానికి వచ్చేవారూ వారిలో ఉంటారు. ఈ పిల్ల ఆ విధంగా వచ్చింది.

ఆమె తెలుగు అచ్చంగా పుస్తకం తెలుగు. “నేను భోజనము చేసి వచ్చెదను, మీరు నిద్రింపుడు” అనేది. నేను “బిరీన రామ్మే, తలుపు ఏసుకోవాల” అనేదాన్ని. క్లాసులో ఇద్దరి మాటకూ నవ్వేవారు. ఇద్దరం ఒకే గదిలో ఉండడంచేత ఆ నవ్వు చెరిసగం పంచుకున్నాం.

ఒకరోజు అడిగాను, “మీ ఇంట్లో తెలుగు ఎవరు మాట్లాడతారు?” అని.

“ఎవరూ మాట్లాడరు. మేము ఇంట్లో క్రియోల్ మాట్లాడెదము. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు మా పూర్వికుల భాష.”

మాట్లాడని భాషను సముద్రం దాటి వచ్చి నేర్చుకోవడం నాకు వింతగా తోచింది. ఆనాటి నుంచి మాలో మాకు ఒక ఒప్పందం కుదిరింది. రాత్రి భోజనాలయ్యాక నేను ఆమెకు మాట్లాడే తెలుగు చెప్పాలి. ఆమె నాకు వాళ్ళ దేశం సంగతులు చెప్పాలి. విద్యార్థుల మార్పిడి అంటే ప్రభుత్వాలు సంతకాలు చేసేదే కానక్కరలేదు. రెండు మంచాల మధ్య కూడా జరుగుతుంది.

బస్టాండులో ఒక ప్రశ్న

2003 సంక్రాంతికి ఆమెను మా ఊరికి తీసుకువెళ్ళాను. ఆదోని కోట ఎక్కింది. పత్తి మార్కెట్టులో బోరేల మధ్య తిరిగి జుట్టంతా దూది చేసుకుంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి పెడితే రెండోసారి అడిగి పెట్టించుకుంది. పండుగ భక్ష్యాలు చూసి, “ఇది మా ధాల్‌పూరీకి అక్క!” అంది. వాళ్ళ ధాల్‌పూరీలోనూ పప్పు పూర్ణమే, బెల్లం మాత్రం ఉండదు. ఎమ్మిగనూరులో తాత ఆమెను మగ్గం గుంటలో కూర్చోబెట్టి రెండు పోగులు నేయించాడు. నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులు కావడంతో ఊరంతా జనం, ఎడ్లు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో మూటలు, గిన్నెలు, చంకల్లో పిల్లలతో చాలా కుటుంబాలు కూర్చుని ఉన్నాయి.

“వీళ్ళు కూడా జాతరకు వచ్చారా?” అని అడిగింది.

“కాదమ్మా, సుగ్గికి పోతాండారు. గుంటూరు పక్క మిరప కోతలకి,” అన్నాడు నాయన.

సుగ్గి అంటే పంట కోతల కాలం. కన్నడంతో కలిసి పంచుకున్న మాట. మా వైపు దానికి ఇంకో అర్థం వచ్చి చేరింది: ఇక్కడ పని లేక, పంట పండిన చోటికి ఇల్లు మూసుకుని పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి, మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా జనం మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపుకో, తెలంగాణకో, కర్ణాటకకో పోతారు. వాన మోసం చేసిన ఏడు ఊళ్ళు మరీ ఖాళీ అవుతాయి.

ఇదంతా నాయన విడమరచి చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. బస్సు కదిలాక మెల్లగా అంది, “మా తాతల తాతలు కూడా సుగ్గికే వచ్చారు. వాళ్ళు తిరిగి పోలేదు, అంతే.”

బొంబాయి మీదుగా

చదువయ్యాక ఆమె వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. 2006 ఉగాదికి రమ్మని ఇంటిల్లిపాదీ పిలిచారు. అప్పటికి నేను ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. టిక్కెట్టు డబ్బు సగం నా ట్యూషన్లది, సగం నాయనది. మా వీధిలో అంతకు ముందు విమానం ఎక్కిన ఆడపిల్ల లేదు. “సముద్రం మీద ఒంటరిగానా?” అని అవ్వ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మ మాత్రం ఎండు జొన్నరొట్టెలూ, వేరుశనగ పొడీ కట్టి, “వాళ్ళ అవ్వకు పళ్ళుంటాయో లేదో, నానబెట్టి పెట్టు,” అంది.

ఆదోని బొంబాయి, మద్రాసు రైలుదారిలో ఉంది గనుక మా స్టేషనులోనే బండి ఎక్కి బొంబాయిలో దిగాను. అక్కడి నుంచి విమానంలో సుమారు ఆరు గంటలు. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి.

ఊళ్ళోకి వెళ్ళే దారంతా చెరుకు తోటలు. తోటల మధ్య అక్కడక్కడ ఇంటి ఎత్తున నల్లరాళ్ళ గుట్టలు. అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి కావడంతో నేలనిండా రాళ్ళే. వాటిని ఏరి కుప్పపోస్తేగాని చెరుకు నాటడానికి వీలుకాలేదు. “ఆ రాళ్ళు ఎత్తినవాళ్ళు మనవాళ్ళే,” అంది నా స్నేహితురాలు. మా ఆదోని కొండలనిండా బండలు చూసి పెరిగినదాన్ని. కాని మనిషి చేతులతో ఒక్కొక్క రాయీ మోసి పేర్చిన గుట్టలు చూడడం అదే మొదలు.

ఆ ఏడు ఉగాది మార్చి 30న వచ్చింది. దక్షిణార్ధగోళం కావడంవల్ల అక్కడ అది వసంతం కాదు. ఎండాకాలం వెళ్ళిపోతున్న రోజులు. వేపపూత దొరకక లేత వేపాకు నూరి పచ్చడిలో వేశారు. చేదు ఎక్కడైనా చేదే కదా!

సాయంత్రం గుడిలో రామభజన. మధ్యలో దీపం వెలిగించి, దాని చుట్టూ ఆడా మగా అడుగులు వేస్తూ పాడారు. రామదాసు కీర్తనలు ఒకటి రెండు నేను గుర్తుపట్టాను. ఇంకా ఏవో పాత పదాలు, ఉత్తరాంధ్ర యాసతో. పాడినవారిలో తెలుగులో నాలుగు మాటలు కలిపి చెప్పగలిగినవారు బహుకొద్దిమంది.

ఇంటికి వచ్చాక మా స్నేహితురాలి అవ్వ ఒక నోటుపుస్తకం తెచ్చింది. పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. ఒక్కొక్క చరణం వేలితో చూపించి అర్థం చెప్పమంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా నేను చెప్పడం, మనవరాలు క్రియోల్‌లోకి మార్చడం, ఆవిడ తల ఊపడం.

“అర్థం తెలియకుండానే ఇన్నేళ్ళు ఎందుకు పాడావవ్వా?” అని అడిగాను.

“మా అమ్మ పాడింది. అర్థం ఎవరో ఒకరు చదువుకుని చెప్పకపోతారా అనుకున్నాను,” అంది ఆవిడ, జొన్నరొట్టె ముక్క చప్పరిస్తూ. పండితుల చేతికి రాకముందు అక్కడ తెలుగును కాపాడినవాళ్ళు ఇటువంటి అవ్వలే.

పదహారు మెట్లు

మరునాడు రాజధాని పోర్ట్ లూయీకి తీసుకువెళ్ళారు. రేవులో ఆప్రవాసీ ఘాట్ అనే చోటు ఉంది. ఓడ దిగిన కూలీలను మొదట ఉంచిన డిపో అది, 1849లో కట్టడం మొదలైంది. రేవు నుంచి పైకి పదహారు రాతి మెట్లు. నేను చూసి వచ్చిన జూలైలోనే యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

బ్రిటిషువారు బానిసత్వం రద్దు చేశాక, చెరుకు తోటలకు మనుషులు కావలసివచ్చి 1834 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందం మీద రప్పించారు. ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ దీవికి వచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకు అయిదు రూపాయలు, తిండి గింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. తెలుగువారిలో ఎక్కువమంది విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినందువల్ల అక్కడ వారికి “కోరంగీలు” అనే పేరు పడింది. ఆ రేవును 1839లో పెనుతుఫాను ముంచివేసింది.

మోకా అనే ఊళ్ళో 1970లో స్థాపించిన మహాత్మాగాంధీ సంస్థ ఉంది. తెలుగు బోధన ఒకవైపు, ఈ కూలీల పాత రికార్డులు మరొకవైపు. రిజిస్టర్లలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు. 1860లు వచ్చేసరికి ఫోటోలు కూడా తీయడం మొదలుపెట్టారు. పొలం మీద పారిపోకుండా పట్టుకోవడానికి తయారైన లెక్క అది. ఇవాళ మనుమలు, మునిమనుమలు తమ మూలం వెతుక్కోవడానికి పనికి వస్తూంది. తాత పేరే మనుమలకు ఇంటిపేరైపోయిన కుటుంబాలు అక్కడ ఎన్నో. మా స్నేహితురాలి వాళ్ళకు విశాఖపట్నం జిల్లా అన్నంతవరకే తెలిసింది. ఊరి పేరు రాసిన దొరకు మన పలుకు అందలేదు. ఆ అక్షరాలను ఎన్ని విధాల చదివినా ఏ ఊరూ కాలేదు.

“నువ్వు అదృష్టవంతురాలివి. నీకు ఊరుంది,” అంది ఆమె. మూడేళ్ళలో ఆమె తెలుగు ఎంత మారిందో అప్పుడు గమనించాను.

తిరిగి వచ్చాక

తరువాత నాకు ఉద్యోగం స్థిరపడింది. మా కాలేజీలో చదివేవారిలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్ళు. పత్తి కాలం, మిరప కాలం వచ్చేసరికి బెంచీలు ఖాళీ. పిల్లవాడు ఎక్కడున్నాడంటే, “సుగ్గికి పోయినాడు సార్వాళ్ళు” అని పక్కవాడు చెబుతాడు. నూట డెబ్భై ఏళ్ళ కిందట ఓడ ఎక్కిన కూలీకి ఒక పేజీ ఉంది. ఇవాళ లారీ ఎక్కిన మా విద్యార్థికి హాజరు పట్టీలో ఒక సున్నా ఉంది. వలస వెళ్ళినవారి చిన్నపిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు. అవి సుగ్గి మొదలయ్యే రోజుకే తెరుచుకున్నప్పుడు పిల్లవాడు నిలుస్తాడు, పది రోజులు ఆలస్యమైతే అప్పటికే తల్లిదండ్రులతో వెళ్ళిపోయి ఉంటాడు.

నా వంతుగా నేను చేస్తున్నది చిన్నపని. సుగ్గి నుంచి వచ్చిన ప్రతి విద్యార్థి చేతా, అక్కడ ఏ ఊళ్ళో ఉన్నదీ, ఏం పని చేసిందీ, ఏ కొత్త మాటలు విన్నదీ రాయిస్తాను. వాళ్ళ తెలుగులోనే, దిద్దకుండా. మారిషస్‌లో నా స్నేహితురాలు ఇప్పుడు తెలుగు ఉపాధ్యాయురాలు. ఆమె పిల్లలు వాట్సాపులో ప్రశ్నలు పంపుతారు: “కళ్ళం అంటే ఏమిటి? మిరప ఘాటుకు కళ్ళు మండవా?” మావాళ్ళు గొంతు రికార్డు చేసి జవాబు పంపుతారు. తమ మాట కోసం సముద్రం అవతల ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిసిన పిల్ల, మరునాడు క్లాసులో నోరు విప్పడానికి జంకదు. ఇది నేను కళ్ళారా చూస్తున్నాను.

2023 సెప్టెంబరులో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలల నుంచి పదిమంది విద్యార్థులు అమెరికా వెళ్ళి ఐక్యరాజ్యసమితి కార్యాలయం చూసి వచ్చారు. ఆ వార్త మా క్లాసులో చదివి వినిపించినప్పుడు, “పాస్‌పోర్టుకు ఏమేం కావాల మేడమ్?” అని ముగ్గురు ఆడపిల్లలు అడిగారు. ఆ ముగ్గురిలో ఇద్దరు అప్పుడప్పుడే మిరప కోతలకు పోయివచ్చే ఇళ్ళవాళ్ళు.

కనుక పెద్దలకు నా మనవి ఒకటే. మీ పిల్లలకు పై దేశం చూసే అవకాశం వస్తే తప్పక పంపండి. ఆడపిల్లయినా సరే, అవ్వ రెండు రోజులు అలిగినా సరే. పంపేముందు మాత్రం మీ తాత ఏ ఊరి నుంచి ఏ పనికి ఎక్కడికి వెళ్ళాడో, మీ ఇంట్లో ఏ మాట ఎలా పలుకుతారో ఒక కాగితం మీద రాయించి పెట్టెలో పెట్టండి. అక్కడ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.