పెన్నేరు గడ్డతో తీరేదెంత? పని ఒత్తిడి అలసటకు మూలికా వైద్యం

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత నగరానికి పడమటి దిక్కున విస్తరించిన ఐటీ ప్రాంతం విదేశీ వేళలకు అనుగుణమైన రాత్రి పనినీ, దానితో వచ్చే నిద్రలేమినీ నగర జీవనంలో భాగం చేసింది. పని ఒత్తిడి దీర్ఘకాలం తీరకపోతే ఏర్పడే బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగంగా కాక వృత్తిసంబంధమైన స్థితిగా నిర్వచించి, శక్తి ఉడిగిపోవడం, పనిపై విముఖత కలగడం, సామర్థ్యం సన్నగిల్లడం దాని లక్షణాలని పేర్కొంది.

ఇటువంటి అలసట విషయంలో మూలికా వైద్యం వైపు చూస్తే, శరీర ధాతువులను పోషించి బలాన్ని నిలిపే చికిత్సను ఆయుర్వేదం రసాయనమంటుంది. బుద్ధికి మేలుచేసే మేధ్య రసాయనాలుగా చరక సంహిత సరస్వతి ఆకుగా పిలిచే మండూకపర్ణిని, అతిమధురాన్ని, తిప్పతీగను, శంఖపుష్పిని చెప్పగా, బలహీనతకూ నిద్రలేమికీ వైద్యులు పెన్నేరు గడ్డ, అనగా అశ్వగంధ వేరు చూర్ణాన్ని పాలతో ఇవ్వడం వాడుక.

ఈ వేరుపై తరచుగా ఉదాహరించే పరిశోధనల్లో ఒకటి హైదరాబాదులోని ఆశా ఆసుపత్రిలోనే జరిగింది. 2012లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో దీర్ఘకాలిక ఒత్తిడి ఉన్న 64 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు, మరొక వర్గానికి మందు లేని గుళికను 60 రోజులు ఇవ్వగా, ఒత్తిడి వేళ అధివృక్క గ్రంథులు అధికంగా స్రవించే కార్టిసాల్ అనే హార్మోను మొదటి వర్గంలో దాదాపు 28 శాతం, రెండవ వర్గంలో దాదాపు 8 శాతం తగ్గింది. అయితే పాల్గొన్నవారు కొద్దిమందే, గడువు రెండు నెలలే. పైగా అక్కడ కొలిచింది ఒత్తిడినే గాని బర్నౌట్‌ను కాదు.

మూలిక గనుక హాని ఉండదనుకోవడం సరికాదు. అశ్వగంధ వాడినవారిలో అరుదుగా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దానిని నిషేధించింది. గర్భిణులు దానిని మానుకోవాలి, థైరాయిడ్‌కు లేదా నిద్రకు మందులు వాడేవారు వైద్యుని అడగనిదే తీసుకోరాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, కుంగుబాటు కూడా ఇటువంటి అలసటనే కలిగిస్తాయి కనుక ముందుగా పరీక్షలు అవసరం. మూలిక నిద్రకు కొంత తోడ్పడవచ్చు గాని, బర్నౌట్‌కు కారణమైన పనిభారాన్నీ పని వేళలనూ సరిదిద్దవలసిన బాధ్యత సంస్థలదే.